సుసన్నా చెప్పిన సాక్ష్యం

వీరరాఘవయ్య మామిడి మండీలో నీళ్ల డ్రమ్ము దగ్గర రెండు గ్లాసులుండేవి. ఒకటి అందరిదీ, డ్రమ్ము మూత మీద బోర్లించి ఉండేది. రెండోది ఒక్క సుసన్నాది. అంచు కింద చిల్లు పొడిచి, పెట్టెలు కట్టే ప్లాస్టిక్ తాడు దూర్చి, గోడ మేకుకు తగిలించారు. ఎవరు తగిలించారో, ఎవరు తగిలించమన్నారో ఆమెకు తెలుసు. అడగలేదు. దాహమేసినప్పుడల్లా లేచి వెళ్లి, ఆ గ్లాసుతోనే నీళ్లు తాగి, కడిగి, మళ్లీ ఆ మేకుకే తగిలించి వచ్చి పనిలో కూర్చునేది. ఒక సీజనంతా అలాగే నెట్టుకొచ్చింది.

సుసన్నా తల్లి మగ్దలేనమ్మ వయసులో ఉన్న రోజుల్లో ఊరి కాఫీ హోటల్లో పేటవాళ్లకు వేరే గ్లాసు ఉండేది. దాన్ని తీయించడానికి పేట పేటంతా హోటలు ముందు బైఠాయించింది. పోలీసులొచ్చారు, పెద్దమనుషులొచ్చారు, చివరికి గ్లాసు పోయింది. తల్లి తరం పోరాడి వదిలించుకున్న గ్లాసు, కూతురి దగ్గరికి వచ్చేసరికి జబ్బు పేరు పెట్టుకుని తిరిగొచ్చింది. ఇన్నేళ్లూ ఎక్కడ నక్కి ఉందో!

ఒక మాట ముందే అనుకుందాం. రక్త కాన్సర్ అంటుకునే జబ్బు కాదు. ఎంగిలితో అంటదు, చెమటతో అంటదు, ఒకే చాప మీద కూర్చుంటే అంటదు. ఈ సంగతి ఆ మండీలో తెలియనివాళ్లు లేరు. తెలిసే గ్లాసు వేరు చేశారు. తెలియక చేసిన తప్పుకు చదువు మందు. తెలిసి చేసినదాన్ని తప్పు అని సరిపెట్టలేం.

సుసన్నాకు నలభై ఆరేళ్లు. మైలవరం నుంచి నూజివీడు వెళ్లే రోడ్డు పక్కన ఒక పేటలో ఉంటుంది. భర్త చిన్నరాయప్ప అదే రోడ్డు మీద ఆటో నడుపుతాడు. కూతురు జెరూషా డిగ్రీ చదువుతోంది. సుసన్నా చదివింది నాలుగో తరగతి, చేసేది మామిడికాయ ఏరడం. లారీ నుంచి దిగిన కాయను చాప మీద గుట్టగా పోస్తారు. చుట్టూ ఆడవాళ్లు కూర్చుని పెద్దకాయ, చిన్నకాయ, మచ్చకాయ, దెబ్బకాయ వేరు చేస్తారు. మిగతావాళ్లు కాయను అటూ ఇటూ తిప్పి చూస్తారు. సుసన్నా తిప్పదు. చేతిలోకి తీసుకుని, బొటనవేలు ఒకసారి తొడిమ దగ్గర ఆనించి, ఏ గుట్టలో పడాలో ఆ గుట్టలో పడేస్తుంది. 

"బంగినపల్లి అబద్ధం చెప్పదే. పైనెలా ఉంటే లోపలా అంతే. కలెక్టరే చెప్తుంది, పైకి నున్నగా ఉండి లోపల పురుగు" అంటుంది. నూజివీడు చుట్టుపక్కల తోతాపురి కాయను కలెక్టర్ అనే పిలుస్తారు కాబట్టి ఆ మాటకు చాప చుట్టూ నవ్వులే నవ్వులు.

రెండేళ్ల కిందట ఎడమ డొక్కలో బరువుగా ఉందనీ, నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తోందనీ బెజవాడలో పెద్దాసుపత్రికి వెళ్లింది. రక్తంలో తెల్లకణాలు అదుపు తప్పాయన్నారు. రక్త కాన్సర్లలో ఇది నిదానంగా నడిచే రకం. రోజుకో మాత్ర వేసుకుంటే అణిగి ఉంటుంది, మానేస్తే లేస్తుంది. మాత్రలు ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద ఉచితంగానే ఇస్తారు. కానీ నెలనెలా మనిషి వెళ్లాలి, రక్తం చూపించుకోవాలి, సంతకం పెట్టి తెచ్చుకోవాలి. సుసన్నా తప్పకుండా వెళ్లింది. ఆరు నెలల్లో కణాలు దారికొచ్చాయి. అంతా బాగుందనుకుంటుండగా, కొంగున ముడేసుకున్న ఆసుపత్రి కాగితం ఒకరోజు వీరరాఘవయ్య గుమాస్తా కంట పడింది. మర్నాడే మేకు, గ్లాసు.

సీజను ముగియగానే ఆ మండీకి ఒక నమస్కారం పెట్టి, మరుసటేడు నూజివీడులో పాండురంగారావు మండీలో చేరింది. చేరేటప్పుడే ఒట్టు పెట్టుకుంది, ఇక్కడ ఎవరికీ చెప్పకూడదని. మధ్యాహ్నం అన్నం తిన్నాక మాత్ర వేసుకుంటుంటే పక్కన కూర్చునే లీదియా ఊరుకోలేదు.

"ఏంటక్కా అది?"

"కడుపులో మంటకి."

"నాకూ ఒకటియ్యవా, నాకూ మంటే."

"నీది వదిన కొత్త చీర చూసిన మంటే. దానికి మాత్రల్లేవు" అని డబ్బా మూసేసింది సుసన్నా.

నిజానికి ఏదీ దాచుకునే మనిషి కాదామె. పేట చర్చిలో ఆరాధన మధ్యలో, దేవుడు తమకు చేసిన మేలు ఏదన్నా ఉంటే లేచి నిలబడి నలుగురిలో చెప్పడం ఆనవాయితీ. దాన్ని సాక్ష్యం చెప్పడం అంటారు. తప్పిపోయిన మేక దొరికితే సుసన్నా సాక్ష్యం చెప్పింది. బ్రేకు పోయిన ఆటో కాలవ గట్టు మీద ఆగితే సాక్ష్యం చెప్పింది. జెరూషా ఇంగ్లీషు పరీక్ష గట్టెక్కితే సాక్ష్యం చెప్పింది. ఆమె లేవగానే పాస్టరు విక్టర్ గారు "అమ్మా సుసన్నమ్మా, రెండు నిమిషాలమ్మా, సంఘం ఆకలి మీదుంది" అని ముందే దణ్ణం పెట్టేవారు. మేక గురించి పావుగంట చెప్పిన మనిషి, తన రక్తం గురించి నిలబడి ఒక్క ముక్క చెప్పలేదు. ఒక గ్లాసు మనిషి నోరు అంతగా కట్టేయగలదు.

ఏప్రిల్ వచ్చింది. మామిడి మండీలో ఒక నియమం ఉంది. అది ఏ గోడ మీదా రాసి ఉండదు. సీజనులో ఒకరోజు రాకపోతే చాప మీద నీ చోటు వేరేవాళ్లది. తిరిగొస్తే పెట్టెలు మోయాలి, లేదా గడ్డి ఊడవాలి. ఏరే చోటు పోతే మళ్లీ ఆ ఏడాది దక్కదు. సుసన్నా ఆసుపత్రి తేదీ ఏప్రిల్ ఇరవై రెండున పడింది. ఆ రోజే రెండు లారీల బంగినపల్లి దిగింది. వారం తర్వాత వెళదామనుకుంది. వారం తర్వాత మూడు లారీలు దిగాయి. డబ్బా తెరిచి చూసుకుంటే అప్పుడప్పుడు మిగిలినవన్నీ కలిపి పద్దెనిమిది మాత్రలున్నాయి. రోజు విడిచి రోజు వేసుకుంటే సీజను దాటుతుంది.

"మానట్లేదుగా, కాస్త సాగదీస్తన్నా అంతే" అంది భర్తతో.

చిన్నరాయప్ప కూడా ఆటోలో ఆయిలు మార్చే తేదీని సాగదీసే మనిషే. "నీ ఇష్టమే" అనేసి ఊరుకున్నాడు.

మే మూడో వారంలో జ్వరం మొదలైంది.

మామిడి సీమలో మే నెల జ్వరానికి డాక్టరు అక్కర్లేదు, ఊళ్లో అందరూ డాక్టర్లే. వేడి చేసిందంటారు. కాయ తిన్నా వేడే, కాయల మధ్య కూర్చున్నా వేడే. దానికి తోడు సుసన్నా ముంజేతుల మీద సొన మచ్చలున్నాయి. తొడిమ విరిగినప్పుడు చిమ్మే సొన పడ్డచోట చర్మం కాలి పుండవుతుంది. ఏరేవాళ్లందరికీ ఉండేవే. ఇంకేం, కారణం దొరికింది. లీదియా సబ్జా గింజలు నానబెట్టి తెచ్చింది. పాండురంగారావు స్వయంగా ఇంటినుంచి మజ్జిగ తెప్పించాడు. "తాగమ్మా సుసన్నా, నువ్వు పడుకుంటే నా కాయ పడుకుంటుంది" అన్నాడు. ఆ మాటలో ప్రేమ ఎంతో, కాయ ఎంతో ఆయనకే తెలియాలి.

మజ్జిగకు తగ్గలేదు. మండీ వెనక సందులో ఆర్ఎంపీ సాయిరాం దగ్గరికి వెళ్లింది. సాయిరాం మంచివాడే. పేదవాళ్లను విసుక్కోడు, అర్ధరాత్రి పిలిచినా వస్తాడు. కానీ పాండురంగారావుకు మేనల్లుడు.

"ఎన్ని రోజుల్నించమ్మా జ్వరం?"

"నాలుగైదు రోజుల్నించండి."

"షుగరు, బీపీ ఏమన్నా ఉన్నాయా?"

"లేవండి."

ఆయన అడిగిన రెండూ నిజంగానే లేవు. అడగని మూడోది నాలుక చివరిదాకా వచ్చింది. మేనల్లుడి చెవిన పడితే సాయంత్రానికి మేనమామ చెవిన పడుతుంది. మేనమామ చెవిన పడితే నీళ్ల డ్రమ్ము పక్కన ఇంకో మేకు దిగుతుంది. సుసన్నా మింగేసింది.

సాయిరాం రెండు సూదులు వేశాడు. ఒకటి క్రిముల్ని చంపేది, ఇంకొకటి స్టెరాయిడు. పనికి పోవాల్సినవాళ్లు త్వరగా లేవాలని మన సందుల్లో తరచూ కలిపే సూదే అది. వేసుకున్న రోజు సుసన్నా గుర్రంలా పనిచేసింది. మూడో రోజుకు జ్వరం మళ్లీ వచ్చింది. మళ్లీ సూదులు. మళ్లీ గుర్రం. మళ్లీ జ్వరం. పొద్దున లేచేసరికి జాకెట్టు పిండితే నీళ్లు కారేలా చెమట. ఎడమ డొక్కలో పాత బరువు మెల్లగా తిరిగి తెలుస్తోంది. చీర కుచ్చిళ్లు కుడివైపుకు జరిపి కట్టుకుంది, ఎవరూ గమనించకుండా.

మూడోసారి వెళ్లినప్పుడు సాయిరాం రక్తపరీక్ష రాశాడు. బజారులో చిన్న ల్యాబు నడిపే కల్యాణి రక్తం తీసింది. యంత్రం ఇచ్చిన అంకె నమ్మలేక రెండోసారి పెట్టింది. అదే అంకె. తెల్లకణాలు ఎనభై ఆరు వేలు. పదకొండు వేలు దాటకూడదు.

"అక్కా, ఇంతకుముందెప్పుడన్నా నీకు తెల్లకణాలు పెరిగాయన్నారా?"

"లేదమ్మా."

"నీ చేతులు చూపించు." కల్యాణి ఆ ముంజేతుల్ని దీపం కిందికి లాగి చూసింది. "ఇవన్నీ ఎండిపోయిన పుండ్లే కదా. చీమేది? ఒకవేళ ఎక్కడన్నా చీమున్నా ఇన్ని రావక్కా. రక్తాన్ని గాజు పలక మీద పరిచి కంటితో చూడాలి, ఏ కణాలు పెరిగాయో అప్పుడే తెలుస్తుంది. పెద్ద డాక్టరుకి పంపనా?"

"ఇప్పుడొద్దులేమ్మా, సీజను కానీ."

కల్యాణి కాగితం మీద ఎర్ర సిరాతో అంకె చుట్టూ గీత చుట్టి, కింద తన ఫోను నంబరు రాసి చేతికిచ్చింది. ఆ గీత చూసి కూడా సాయిరాం "ఇన్‌ఫెక్షన్ గట్టిగా ఉంది, ఇంకొంచెం పవరున్న మందు వేద్దాం" అన్నాడు. ఆయనకు తెలిసిన లోకంలో తెల్లకణాలు పెరిగాయంటే క్రిమి ఉన్నట్టే. సుసన్నా రక్తానికి ఇంకో లోకం ఉందని ఆయనకెవరు చెప్పారు గనక?

ఇంట్లో జెరూషా ఆ కాగితం చూసి ఏడుపు మొదలెట్టింది. "అమ్మా, పక్కనే రాశారు చూడు, ఎంతుండాలో. పొద్దున్నే బెజవాడ పోదాం."

"నీ పరీక్షలో ఎనభై ఆరొస్తే ఏడవవు గానీ, నా రక్తంలో వస్తే ఏడుస్తావేంటే? రేపు రసాల బుట్టలున్నాయి. అవి పంపేసి శనివారం పోదాం."

అలా నవ్వించి, కాగితం మడిచి మాత్రల డబ్బాలో పెట్టుకుంది.

రసాల బుట్టలంటే పాండురంగారావుకు ప్రాణం. హైదరాబాదులో, బెంగుళూరులో పాత ఖాతాదార్లకు ఏటా పంపుతాడు. ఆ చిన్నరసాలను గ్యాసు గదిలో మాగబెడితే వాళ్లు ఒప్పుకోరు. వరిగడ్డిలో పరిచి, మీద గడ్డి కప్పి, నిదానంగా మాగనివ్వాలి. కుప్పలో వేడి ఎంతుందో చేత్తో చూసి చెప్పే పని సుసన్నాది. మర్నాడు ఆమె వెళ్లేసరికి లీదియా ఎదురొచ్చింది.

"అక్కా, మూడో కుప్ప కాగిపోతోంది. నిన్న పైగడ్డి తీసేసి తడిగోనె కప్పా. చల్లబడింది. ఇవాళ మళ్లీ అంతే."

సుసన్నా మోకాళ్ల మీద కూర్చుని మోచేతి దాకా చెయ్యి గడ్డిలోకి దూర్చింది. "ఇది ఎండ వేడి కాదే. ఎండదైతే పైన ఉంటుంది, తెల్లారేసరికి దిగిపోతుంది. ఇది అడుగునుంచి వస్తోంది. ఎన్ని గోనెలు కప్పితే ఏం లాభం? విప్పాలి."

"విప్పితే షావుకారు చంపేస్తాడు. మధ్యాహ్నానికి బుట్టలు పోవాలంట!"

"విప్పకపోతే కుప్పంతా పోద్ది. పట్టు అటువైపు."

ఇద్దరూ గడ్డి విప్పారు. అడుగున నాలుగు కాయలు పగిలి, కుళ్లి, చుట్టూ ఉన్నవాటిని ఉడకబెడుతున్నాయి. సుసన్నా వాటిని తీసి పారేసి, తడిసిన గడ్డి మార్చి, మంచి కాయను మళ్లీ పరిచింది. పని అయ్యాక గడ్డిలోంచి తీసిన చెయ్యిని అలవాటుగా మెడకు ఆనించుకుంది. కుప్ప కన్నా తానే ఎక్కువ కాగుతోంది. పొద్దున ఆరున్నర. ఎండ ఇంకా మండీ గోడ దిగలేదు. పవరున్న మందు పడి పన్నెండు గంటలు కూడా కాలేదు.

ఎవరూ ఆమెకు ఏమీ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమూ లేదు. రెండు వారాలుగా తన మీద తాను గోనెలు కప్పుకుంటోంది.

అంతలో పాండురంగారావు వచ్చాడు. విప్పిన కుప్ప కనపడగానే కేకలు. "ఎవరే విప్పమన్నది? మధ్యాహ్నం లారీ పెట్టుకుని! ఎవరికి పుట్టింది ఈ బుద్ధి?"

"నాకండి" అని లేచి నిలబడింది సుసన్నా.

లేవడం మామూలుగా లేవలేదు. చర్చిలో లేచినట్టు లేచింది. కొంగు భుజం మీదుగా లాక్కుని, చేతులు ముందు కట్టుకుని, మండీలో ఉన్న నలభై మందికీ వినపడేలా గొంతు సవరించుకుంది. పేట నుంచి వచ్చే ఆడవాళ్లకు ఆ నిలబడడం తెలుసు. ఏరుతున్న చేతులు ఆగిపోయాయి.

"షావుకారుగారూ, కుప్ప సంగతి తర్వాత చూసుకుందురుగాని. కుళ్లింది తీసేశాను, మిగతాది బాగుంది. ఇప్పుడు నా సంగతి వినండి. నాకు రక్తంలో కాన్సరుంది. రెండేళ్లయింది. నేను వేసుకునేది కడుపుమంట మాత్ర కాదు. వెనకటి మండీలో తెలిసి నాకు వేరే గ్లాసు పెట్టారు. నేను కిక్కురుమనకుండా ఆ గ్లాసుతోనే తాగాను. సిగ్గు వాళ్లు పడాల్సింది, నేను పడ్డాను. ఆ సిగ్గుతో మీ దగ్గర దాచాను, మీ మేనల్లుడి దగ్గర దాచాను, ఆసుపత్రి రోజు ఎగ్గొట్టి మాత్రలు సాగదీశాను. ఈ జ్వరం మామిడి వేడి కాదు. నా రక్తం మళ్లీ పొంగింది. ఇవాళ బెజవాడ పోతున్నాను. ఇది నా సాక్ష్యం."

చాప చివర ఒక పెద్దావిడ "అమ్మో, ఇన్నాళ్లూ మాతో కలిసి తిన్నావటే" అని గుండెల మీద చెయ్యేసుకుంది.

"తిన్నాను పెద్దమ్మా. నీ గోంగూర పచ్చడి సగం నేనే తిన్నాను. నీకేం రాలేదు, నాకు మాత్రం గ్యాసొచ్చింది" అంది సుసన్నా.

ఎవరో కిసుక్కుమన్నారు. లీదియా లేచి వెళ్లి, సుసన్నా సంచిలోంచి ఆమె నీళ్ల సీసా తీసి, మూత విప్పి గటగటా సగం తాగేసింది. "మాట్లాడింది నువ్వు, గొంతెండిపోయింది నాకు. మంట మాత్రంట, మంట మాత్ర! పద, నేనూ వస్తా."

"నువ్వొద్దు. నా చోట్లో కూర్చో. ఎవరన్నా అడిగితే ఇది సుసన్నక్క చోటని చెప్పు."

పాండురంగారావు కండువాతో మొహం తుడుచుకున్నాడు. ఆయన దుర్మార్గుడు కాదు, భయస్తుడు. "అది కాదమ్మా, కాయ కొనేవాళ్లకి తెలిస్తే ఏమనుకుంటారు?"

"ఏమనుకుంటారండీ? మూడో కుప్ప కుళ్లకుండా కాపాడింది కూడా ఆ రక్తమున్న మనిషేనని చెప్పండి. నా చోటు తీసేస్తే తీసేయండి, తిరిగొచ్చి అడుగుతాను. మేకు కొడితే మాత్రం నలుగుర్ని వెంటబెట్టుకుని అడుగుతాను."

ఆయనే సాయిరాంకు ఫోను చేశాడు. సాయిరాం చెప్పులు సరిగ్గా తొడుక్కోకుండానే వచ్చాడు. "ముందే చెప్తే ఆ సూది వేసేవాణ్ణా సుసన్నమ్మా!"

"వేసేవారు కాదండి. చెప్పకపోవడం నా తప్పు. చీము లేకుండా ఎనభై ఆరు వేలేంటని పంపించకపోవడం మీ తప్పు. ఇద్దరం సరిసమానం. ఇప్పుడు ఏమేం సూదులేశారో, ఏ రోజు వేశారో వరసగా రాసివ్వండి. అక్కడ అడుగుతారు."

సాయిరాం అక్కడే మామిడి పెట్టె మీద కాగితం పెట్టుకుని రాసిచ్చాడు.

చిన్నరాయప్ప ఆటో మైలవరం దాటి, జి. కొండూరు దాటి బెజవాడ చేరేసరికి పదిన్నర. రక్తజబ్బుల డాక్టరు సాహితి, చిన్న వయసు మనిషి, ముందు సాయిరాం రాసిన కాగితం చదివింది, తర్వాత కల్యాణి కాగితం చూసింది, ఆ తర్వాత మాత్రల డబ్బా తెరిచి లెక్కపెట్టింది.

"మాత్రలు ఎవరు సాగదీయమన్నారమ్మా?"

"మామిడికాయండి."

డాక్టరు నవ్వబోయి ఆపుకుంది. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని తాపీగా చెప్పింది. రక్త కాన్సర్ ఉన్నవాళ్లకు జ్వరం ఒక్క దారిలోనే రాదు. క్రిమి వల్ల రావచ్చు. జబ్బే మళ్లీ లేచినందువల్ల రావచ్చు. ఒక్కోసారి వాడే మందు వల్లా రావచ్చు. తెల్లకణాలూ అంతే. క్రిమి పెంచుతుంది, జబ్బు పెంచుతుంది, స్టెరాయిడు సూది కూడా కొంత పెంచుతుంది. పైగా ఆ సూది జ్వరాన్ని రెండు రోజులు తొక్కిపెట్టి అసలు సంగతి కనపడనివ్వదు. "కాబట్టి అంకె ఒక్కటీ చూసి ఎవరమూ తేల్చలేం. క్రిమి లేదని తేలేదాకా ఉన్నట్టే చూస్తాం, ఎందుకంటే నీలాంటివాళ్లకి క్రిమి పడితే గంటల్లో ముంచుతుంది. ఈలోపు మిగతావి వెతుకుతాం."

"అంటే కుప్ప విప్పి చూస్తారన్నమాట" అంది సుసన్నా. డాక్టరుకు అర్థం కాలేదు. దారంతా ఆ కుప్ప కథే విన్న చిన్నరాయప్పకు అర్థమైంది, మొహం అటు తిప్పుకున్నాడు.

రక్తాన్ని సీసాల్లో వేసి క్రిమి పెరుగుతుందేమో చూశారు. ఛాతీ ఫొటో తీశారు. గాజు పలక మీద రక్తం పరిచి చూశారు. తుంటి ఎముకలోంచి మూలుగ తీశారు. సుసన్నా పళ్లు బిగబట్టి, "కానీయండి, సొన కన్నా తక్కువే మంట" అంది. ఐదు రోజులు చూసినా సీసాల్లో క్రిమి పెరగలేదు. పెరిగినవన్నీ జబ్బు కణాలే. అయితే జబ్బు ఇంకా నిదానం రకంగానే ఉంది, ఉరికే రకంగా మారలేదు. మాత్రలు రోజూ పూర్తి మోతాదులో మొదలుపెట్టారు. తొమ్మిదో రోజు పొద్దున నర్సు థర్మామీటరు చూసి తలూపింది. జ్వరం దిగింది. ఇంటికి పంపేటప్పటికి కణాలు ఇరవై వేలకు వచ్చాయి, తర్వాతి నెలకు మామూలు గీత లోపలికి.

"ఇంకో నెల గోనెలు కప్పుకుని ఉంటే ఈ మాటలు చెప్పడానికి నువ్వుండేదానివి కాదమ్మా" అంది డాక్టరు సాహితి, ఆఖరి రోజున. అప్పటికి కుప్ప కథంతా ఆమెకు చెప్పేసింది సుసన్నా, పావుగంట పైనే.

జూన్ రెండో వారంలో మండీకి వెళ్లింది. ఆఖరి కలెక్టర్ కాయ దిగుతోంది. లీదియా ఆమె చోటులోంచి లేచి, "ఇదిగో నీ సింహాసనం, కాపలా కాయలేక నడుం పోయింది" అని పక్కకు జరిగింది. పాండురంగారావు చూసీ చూడనట్టు గుమాస్తాతో మాట్లాడుతున్నాడు. సుసన్నాయే ఆయన దగ్గరికి వెళ్లింది.

"నెలకొక రోజు ఆసుపత్రికి పోవాలండి. ఆ రోజు నా చోటు నాదే. నాకొక్కదానికే కాదు, నెలనెలా మందు తెచ్చుకోవాల్సిన ఎవరికైనా."

"నీకిచ్చానంటే అందరూ అడుగుతారు."

"అందుకేగా అందరి ముందూ అడుగుతున్నా."

ఆయన ఇటు చూశాడు, అటు చూశాడు. నలభై మంది ఆడవాళ్లు చేతుల్లో కాయ పట్టుకుని తననే చూస్తున్నారు. "సరేలే, పో, పనిచూసుకో" అన్నాడు. ఆ మాట చాలనుకుంది సుసన్నా. ఆ వారంలోనే ఇద్దరు తమ మాత్రలు బయటికి తీశారు. ఒకామెకు మూర్ఛ, ఇంకొకామెకు క్షయ, ఆర్నెల్ల మందులో నాలుగో నెల. గుండెల మీద చెయ్యేసుకున్న పెద్దావిడ కూడా ఒకరోజు సుసన్నాను పక్కకు పిలిచి తనకు పన్నెండేళ్లుగా బీపీ ఉందని గుసగుసగా చెప్పింది. "గట్టిగా చెప్పు పెద్దమ్మా, బీపీకి సిగ్గేంటి" అని సుసన్నా అంటే, "ఇది మండీయా, ఆసుపత్రా?" అని విసుక్కున్నాడు పాండురంగారావు. విసుక్కున్నాడే గానీ ఎవరి చోటూ తీయలేదు.

సుసన్నా బతికింది. ఆమె ధైర్యవంతురాలు కాబట్టి బతికిందని చప్పట్లు కొట్టి ఊరుకుంటే మాత్రం మనం తప్పించుకుంటున్నట్టే. ధైర్యం లేనివాళ్లూ బతకాలి.

అందుకే ఇది చదువుతున్నవాళ్లకు ఒక విన్నపం. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో రక్త కాన్సర్‌కు మందు వాడుతున్నవాళ్లుంటే, వాళ్లకు జ్వరం వచ్చిన రోజునే, వారం ఆగకుండా, చికిత్స చేస్తున్న ఆసుపత్రికి ఫోను చేయించండి. ఎవరు సూది పట్టుకున్నా ముందు జబ్బు పేరు చెప్పించండి. వేసిన సూదులన్నీ కాగితం మీద రాయించండి. జబ్బేమీ లేదనుకునే మనిషికైనా, తగ్గని జ్వరంతో తెల్లకణాలు ఉండాల్సిన దానికి ఎన్నోరెట్లు పెరిగితే, ఇన్‌ఫెక్షన్ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోకండి. రక్తాన్ని గాజు పలక మీద పరిచి చూడమని అడగండి. అడగడం మీ హక్కు.

మీ కింద నలుగురు పనిచేస్తుంటే, అది మామిడి మండీ అయినా, బట్టల కొట్టయినా, బడి అయినా, వాళ్లలో నెలనెలా ఆసుపత్రికి వెళ్లాల్సినవాళ్లు ఎవరన్నా ఉన్నారేమో ఈ వారమే కనుక్కోండి. ఎవరూ పెదవి విప్పకపోతే లేరనుకోకండి, చెప్పలేకపోతున్నారనుకోండి. ఆసుపత్రి రోజున ఎవరి చోటూ పోదని, పొద్దున పని మొదలయ్యే ముందు, అందరికీ వినపడేలా మీరే చెప్పండి.